గేర్‌బాక్స్ దించాలా, వద్దా? పాత కారు క్లచ్‌కు ఏ రిపేరు మేలు

రివర్స్ వేయగానే కర్‌ర్‌ర్ మని అరిచింది. షెడ్డులో ఉన్న ఇద్దరూ తల ఎత్తి చూశారు. "క్లచ్ ప్లేటు పోయింటాది సార్, గేర్‌బాక్స్ దించుదాం" అన్నాడు మేస్త్రి. నేనూ సరేనన్నాను. తప్పు అక్కడే జరిగింది.

బండి 4 తలుపుల స్టాండర్డ్ హెరాల్డ్. మద్రాసులో తయారైన బండి. ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్ పేరుతో వచ్చిన కారే ఇది, కాకపోతే 4 తలుపుల బాడీ మన దేశంలోనే చేశారు. కడపలో మా బంధువుల రేకుల షెడ్డు కింద 11 ఏళ్లు కదలకుండా నిలబడిపోయింది. హెరాల్డ్‌కు ఒక విచిత్రం ఉంది. గేర్‌బాక్స్ కింద నుంచి రాదు. ముందు సీట్లు తీసేసి, గేర్ రాడ్ చుట్టూ ఉన్న మూత విప్పి, ఇద్దరు మనుషులు కారు లోపల వంగి నిలబడి దాన్ని ఎత్తి తలుపులోంచి బయటికి అందించాలి. మాకు రెండు రోజులు పట్టింది. తీసి చూస్తే పాత ప్లేటు మీద లైనింగ్, అంటే పట్టునిచ్చే పొర, ఇంకా దండిగా ఉంది. ఎటూ దించాం కదా అని కొత్త ప్లేటు వేశాం. సీట్లతో సహా అన్నీ బిగించి, స్టార్ట్ చేసి, రివర్స్ వేశాం. మళ్లీ అదే అరుపు.

అసలు దోషం పెడల్ దగ్గర దొరికింది. పెడల్ ఒత్తిడిని ఫ్లూయిడ్ ద్వారా కిందికి పంపేది మాస్టర్ సిలిండర్. దాని కడ్డీని పెడల్‌తో కలిపే చిన్న పిన్ను ఒకటి ఉంటుంది. చిటికెన వేలంత లావు కూడా ఉండదు. అది నడుము దగ్గర సగానికి అరిగిపోయింది. అది కూర్చునే చిల్లు గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. మాస్టర్ సిలిండర్ కడ్డీ మొత్తం కదిలేదే అంగుళం అటూ ఇటూ. అందులో మూడు, నాలుగు మిల్లీమీటర్లు ఆ చిల్లు మింగేస్తే కింద ప్లేటును విడిపించే ఫోర్కు దాకా ఇంకేం చేరుతుంది? లేత్ మిషన్ దగ్గర కొత్త పిన్ను తిప్పించి, చిల్లుకు బుష్ వేయించాం. అరగంటలో గేర్లు వెన్నలా పడ్డాయి. "దించేదానికి ముందే ఇది చూసుండాల్సింది సార్" అన్నాడు అదే మేస్త్రి, నవ్వుతూ. నాకు మాత్రం నవ్వు రాలేదు.

కాబట్టి ఏ ప్లేటు మంచిది, ఏ కంపెనీ మంచిది అనే ప్రశ్నలు తర్వాత. క్లచ్ విషయంలో మొదట తేల్చుకోవాల్సింది ఒకటే: గేర్‌బాక్స్ దించాలా, వద్దా.

జారుతోందా, పట్టేస్తోందా?

క్లచ్ జబ్బులు చాలా ఉన్నట్టు కనిపిస్తాయి గానీ ముఖ్యమైనవి రెండే, రెండూ ఒకదానికొకటి తలకిందులు. పెడల్ వదిలినా ప్లేటు ఫ్లైవీల్‌ను, అంటే ఇంజిన్ చివర తిరిగే బరువైన చక్రాన్ని, గట్టిగా పట్టుకోకపోవడం మొదటిది. దాన్ని స్లిప్ అంటాం. పెడల్ పూర్తిగా తొక్కినా ప్లేటు విడిపోకపోవడం రెండోది. గేరు అరిచేది రెండోదానికి. నా బండికి ఉన్నది రెండోది, నేను చేయించింది మొదటిదానికి వైద్యం.

స్లిప్ ఉంటే టాప్ గేరులో యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజిన్ గొంతు పెరుగుతుంది, బండి వేగం పెరగదు. ఎత్తు ఎక్కేటప్పుడు కాలిన వాసన వస్తుంది. నిలబెట్టి కూడా చూడొచ్చు. చదునైన చోట, ముందూ వెనకా మనుషులు లేకుండా చూసుకుని, హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, టాప్ గేరు వేసి, క్లచ్ మెల్లగా వదలండి. ఇంజిన్ దడదడలాడి ఆగిపోతే ప్లేటు పట్టుకుంటున్నట్టు. ఆగకుండా తిరుగుతూనే ఉంటే జారుతున్నట్టు. ఒక్కసారి చేస్తే చాలు, పదేపదే చేస్తే ఉన్న లైనింగ్ కూడా కాలిపోతుంది. కొందరు దీనికోసం నేరుగా రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ ఎక్కిస్తారు. ఆ పని చేయకండి. అనుమానమున్న క్లచ్‌తో మలుపులో లారీ వెనక ఇరుక్కుంటే ముందుకూ పోలేరు, వెనక్కూ రాలేరు. ఆ ఊరి పాలకోవా బస్సులో వెళ్లి తెచ్చుకోవచ్చు.

విడవకపోవడాన్ని రివర్స్ గేరుతో పట్టుకోవచ్చు. ఇంజిన్ ఐడిల్‌లో పెట్టి, పెడల్ నేలకు తొక్కి, ఐదు అంకెలు లెక్కపెట్టి రివర్స్ వేయండి. క్లచ్ బాగుంటే ఆ ఐదు సెకన్లలో లోపల తిరిగేవి నిదానించి గేరు మెత్తగా పడుతుంది. అప్పటికీ అరిస్తే ప్లేటు విడవడం లేదు. ఒక జాగ్రత్త: హెరాల్డ్, పాత అంబాసిడర్, పద్మిని వంటి బండ్లలో ఫస్ట్ గేరుకు సింక్రో, అంటే గేరు మెత్తగా పడేలా వేగాలు కలిపే ఏర్పాటు, లేదు. బండి కదులుతుండగా ఫస్ట్ వేస్తే అరవడం వాటి స్వభావం. దానికి క్లచ్‌ను నిందించొద్దు.

శబ్దం గురించి కూడా ఒక మాట. పెడల్ తొక్కినప్పుడు మాత్రమే కీచుమంటే ఫోర్కు తోసే రిలీజ్ బేరింగ్‌నో, క్రాంక్ చివర ఉండే చిన్న పైలట్ బుష్‌నో అనుమానించాలి. న్యూట్రల్‌లో పెడల్ వదిలేసి ఉన్నప్పుడు శబ్దం వచ్చి, తొక్కగానే ఆగిపోతే అది గేర్‌బాక్స్ ముందు బేరింగ్‌ది. క్లచ్ సెట్ ఎన్నిసార్లు మార్చినా ఆ శబ్దం పోదు.

దించకుండా చేయగలిగేవి

ప్లేటు విడవడం లేదని తేలితే ముందు బయటి భాగాలు చూడాలి. ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కాలి, ఇంకొకరు కిందికి దూరి స్కేలు పెట్టి ఫోర్కు ఎంత కదులుతోందో కొలవాలి. సరైన అంకె మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. చాలా పాత కార్లకు ఫోర్కును తోసే స్లేవ్ సిలిండర్ కడ్డీ దగ్గర అర అంగుళం దరిదాపుల్లో ఉంటుంది. కదలిక తక్కువైతే దోషం బయటే ఉంది. కదలిక సరిగ్గా ఉండి కూడా గేరు అరిస్తేనే లోపలికి వెళ్లాలి. నేను రెండు రోజులు పోగొట్టుకున్నది ఈ రెండు నిమిషాల కొలత తీయక.

మారుతి 800 లాంటి కేబుల్ బండి అయితే పని తేలిక. కేబుల్ సాగిందా, తొడుగులో తెగిన పోగులున్నాయా చూసి మార్చేయడమే. కేబుల్ విషయంలో రిపేరు, కొత్తది అనే చర్చే అనవసరం, కొత్తది కొనండి. పాత జీపుల్లో కడ్డీలు, లివర్లు ఉంటాయి. వాటిలో ప్రతి కీలు దగ్గరా కొంచెం కొంచెం అరుగుతుంది. అడ్జస్ట్‌మెంట్ నట్టు తిప్పి సరిచేశామనుకుంటారు గానీ పిన్నులు, బుష్‌లు మార్చకపోతే నెలకోసారి ఆ నట్టు తిప్పుతూనే ఉండాలి.

అసలు ఎంపిక కష్టమయ్యేది హైడ్రాలిక్ బండికి. పైన మాస్టర్, కింద స్లేవ్, మధ్యలో పైపు, రబ్బరు హోస్. ఇక్కడ మూడు దారులు: లోపలి రబ్బరు వాషర్ల కిట్ వేయడం, సిలిండర్‌కు స్లీవ్ కొట్టించడం, కొత్త సిలిండర్ కొనడం.

వాషర్ కిట్ అన్నిటికంటే చవక. అందుకే అందరూ అదే చేస్తారు, అందుకే మూడు నెలల్లో మళ్లీ కారుతుంది. కిట్ వేయాలా వద్దా అన్నది వాషర్ చూసి కాదు, సిలిండర్ గోడ చూసి తేల్చాలి. పిస్టన్ తీసి, లోపల స్పిరిట్‌తో తుడిచి, టార్చ్ వేసి చూడండి. వేలి గోరు గోడ మీద పైనుంచి కిందికి లాగండి. గోరు ఎక్కడా తగలకుండా జారితే కిట్ చాలు. గోరు ఆగిందంటే అక్కడ తుప్పు గుంట ఉంది, ఎంత మంచి వాషర్ వేసినా ఆ గుంట పక్కనుంచి ఫ్లూయిడ్ దాటిపోతుంది. ఏళ్ల తరబడి నిలబడిన బండ్లలో ఈ గుంటలు మామూలు, ఎందుకంటే బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కడప ఎండలు ఎంత మండినా నవంబర్ ముసురు ఒకటి ఉంది కదా.

గుంటలు పడితే నా ఓటు స్లీవ్‌కే. సిలిండర్ లోపల బోర్ చేసి ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ గొట్టం దిగ్గొట్టి పాత కొలతకు తెస్తారు. పైన పాత కంపెనీ ముద్ర అలాగే ఉంటుంది, లోపల తుప్పు బాధ ఉండదు. కాకపోతే కొలత కచ్చితంగా తేవాలి, వాషర్ వెళ్లే రంధ్రాల దగ్గర అంచులు నున్నగా ఉండాలి. ఈ పని తెలిసిన లేత్ దొరక్కపోతే కొత్త సిలిండర్ కొనడం మేలు. పాత స్టాకు సిలిండర్ దొరికిందని సంబరపడకండి. డబ్బా తెరవకపోయినా లోపలి రబ్బరుకు వయసు ఆగదు. దానికీ కొత్త వాషర్లు వేసుకునే బిగించాలి.

హోస్ కూడా మార్చండి. పైకి బాగానే కనిపించినా లోపల ఉబ్బి దారి మూసుకుపోయినవి చాలా చూశాను. అలాంటప్పుడు పెడల్ తొక్కితే క్లచ్ పని చేస్తుంది, వదిలితే ఫ్లూయిడ్ తొందరగా వెనక్కి రాదు, కాసేపు స్లిప్ అయినట్టుంటుంది. స్లిప్ అనగానే ప్లేటు అనుకుంటాం. చూడండి, మళ్లీ గేర్‌బాక్స్ దించే దారిలోకే వస్తాం.

ఎయిర్ తీసేటప్పుడు స్లేవ్ సిలిండర్ నిపుల్ పై వైపుకు ఉండాలి. తలకిందులుగా బిగిస్తే ఎన్ని డబ్బాలు పోసినా గాలి లోపలే ఉండిపోతుంది. డబ్బా మీద రాసిన డాట్ 3 లేదా డాట్ 4 బ్రేక్ ఫ్లూయిడే పోయాలి. ఒకసారి మా షెడ్డు కుర్రాడు పక్కన కనిపించిన ఇంజిన్ ఆయిల్ పోశాడు. మర్నాటికి వాషర్లన్నీ ఉబ్బి బూరెల్లా అయ్యాయి. మాస్టర్ నుంచి హోస్ దాకా రబ్బరన్నది లేకుండా మార్చాల్సి వచ్చింది. ఇంకోటి, ఫ్లూయిడ్ రంగు మీద పడితే పెయింట్ లేచిపోతుంది. పక్కన బకెట్ నీళ్లు పెట్టుకోండి, చుక్క పడగానే కడిగేయండి.

నిలబడిన బండికి పట్టేసిన ప్లేటు

ఏళ్ల తరబడి కదలని బండిలో ప్లేటు తుప్పుతో ఫ్లైవీల్‌కు అతుక్కుపోతుంది. పెడల్ మామూలుగానే ఉంటుంది, ఫోర్కు సరిగ్గానే కదులుతుంది, గేరు మాత్రం పడదు. దీనికి దించడం, దించకుండా విడిపించడం అని రెండు దారులు. రెండోది ముందు ప్రయత్నించడంలో తప్పు లేదు.

పెడల్ పూర్తిగా తొక్కి, సీటుకూ పెడల్‌కూ మధ్య కర్ర బిగించి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున ఇంజిన్ వేడెక్కించి చూడండి. చాలాసార్లు వేడికి టక్కున విడిపోతుంది. విడవకపోతే ఖాళీ మైదానంలో, ఇంజిన్ ఆపి, సెకండ్ గేరు వేసి, పెడల్ తొక్కి ఉంచి స్టార్ట్ చేస్తే బండి కదులుతుంది. పెడల్ వదలకుండా యాక్సిలరేటర్ ఒకసారి తొక్కి, ఒకసారి వదలాలి. ఆ ఊపుకు ప్లేటు విడిపోతుంది. ముందుగా బ్రేకులు పని చేస్తున్నాయో లేదో చూసుకోండి, నిలబడిన బండికి అవీ పోయి ఉంటాయి. వెనక చక్రాలు జాకీ మీద లేపి ఇదే పని చేసేవాళ్లను చూశాను. బండి జాకీ మీద నుంచి దూకితే ఆపేవాడెవడు? రెండు మూడు సార్లకు విడవకపోతే వదిలేయండి. ఆ కుదుపులకు పాత డిఫరెన్షియల్ పళ్లు పోతే, క్లచ్ ప్లేటు ఖర్చు మిగుల్చుకోబోయి దానికి పదింతలు పెట్టుకోవాలి.

దించిన తర్వాత: ఏ ప్లేటు?

ఇక దించక తప్పలేదనుకుందాం. ఇక్కడ నా లెక్క మారిపోతుంది. బయట ఉన్నప్పుడు పైసా పైసా చూసుకోవాలి, లోపలికి వెళ్లాక చూసుకోకూడదు. దించి ఎక్కించే శ్రమ ముందు రిలీజ్ బేరింగ్, పైలట్ బుష్, ఆయిల్ సీళ్ల ఖర్చు ఏ పాటి? అవి బాగున్నా మార్చేయాలి.

ప్లేటుకు నాలుగు దారులున్నాయి. పాత ప్లేటుకు కొత్త లైనింగ్ కొట్టించడం, ఎక్కడో అరలో మిగిలిన పాత స్టాకు, విదేశం నుంచి తెప్పించిన కొత్త సెట్, వేరే బండి ప్లేటు సరిపెట్టడం.

అంబాసిడర్ వాళ్లకు ఈ తలనొప్పి లేదు. ఆ కారు 2014 దాకా తయారైంది, స్పేర్లు ఇంకా తిరుగుతున్నాయి. ప్లేటు, దాన్ని ఫ్లైవీల్‌కు అదిమిపెట్టే ప్రెషర్ ప్లేటు, బేరింగ్ కలిపి కొత్త సెట్ కొనేయండి, రీలైనింగ్ జోలికి పోవద్దు. మారుతి 800కూ అంతే. పద్మినికి కొంచెం వెతకాలి. హెరాల్డ్ లాంటి వాటికే అసలు పరీక్ష.

రీలైనింగ్‌ను తక్కువ చేసి చూస్తారు గానీ, హబ్, అంటే ప్లేటు నడిమి భాగం, బాగుంటే నేను దానికే మొగ్గుతాను. హబ్ బాగుందా అన్నది మూడు చోట్ల చూడాలి. మధ్యలో షాఫ్టు మీద జారే పళ్లు పదునెక్కి ఉన్నాయా, అంటే అరిగిపోయాయా? కుదుపు తట్టుకునే స్ప్రింగులు వాటి గూళ్లలో గలగలలాడుతున్నాయా? ప్లేటు వంగిందా? మూడోది తెలుసుకోవడానికి గాజు పలక మీద పెట్టి అంచు కింద కాగితం దూర్చి చూస్తే చాలు. మూడూ బాగుంటే లైనింగ్ మార్చిన పాత ప్లేటు మీ బండి కోసం కోసిన కొలతలతోనే ఉంటుంది, అదే దాని గొప్ప. లైనింగ్ కొట్టాక తెచ్చుకునే ముందు రివిట్ తలలు ఉపరితలానికి బాగా లోపల ఉన్నాయో లేదో, మందం చుట్టూ ఒకేలా ఉందో లేదో వెర్నియర్‌తో చూడండి. మందం తేడా ఉంటే బండి కదిలేటప్పుడు వణుకుతుంది.

పాత లైనింగ్‌లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. హౌసింగ్‌లోని నల్ల పొడిని కంప్రెసర్ గాలితో ఊదడం మన షెడ్లలో అలవాటు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రాదు. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయండి, మాస్క్ పెట్టుకోండి. మేస్త్రి నవ్వినా సరే.

పాత స్టాకు విషయంలో నాకు అంత నమ్మకం లేదు. దొరికితే అదృష్టమే, కానీ తేమకు ప్రెషర్ ప్లేటు ముఖం తుప్పు పట్టి ఉంటుంది, డబ్బా మీద పేరు ఒకటి, లోపలి సరుకు ఇంకొకటి ఉంటుంది. కొనేముందు మీ పాత ప్లేటు చేత్తో పట్టుకెళ్లి పక్కపక్కన పెట్టి చూడాలి. ఫోన్‌లో ఫొటో చూసి డబ్బు పంపకండి.

విదేశం నుంచి తెప్పించడం హెరాల్డ్‌కు కుదురుతుంది, బ్రిటన్‌లో ఆ కారును ఇప్పటికీ నడిపేవాళ్లు ఉన్నారు కాబట్టి. పాత ప్రెషర్ ప్లేటు స్ప్రింగులు వేడికి నీలం తిరిగి ఉంటే, లేదా బేరింగ్ నొక్కే దాని లోహపు వేళ్ల కొనలు అరిగిపోతే, ప్లేటు ఒక్కటీ రీలైన్ చేయించి లాభం లేదు. అప్పుడు పూర్తి సెట్ తెప్పించడమే మంచిది. రవాణా, కస్టమ్స్ కలుపుకుని లెక్క వేసుకోండి. ఆర్డరు ఇచ్చే ముందు ఇంజిన్ నంబరు చూసుకోండి, అదే కారులో కాలాన్ని బట్టి క్లచ్ మారింది.

నాలుగోది, వేరే బండి ప్లేటు. "పళ్లు కలిసినాయి సార్, కూర్చునింది" అంటారు. పళ్లు కలవడం ఒక్కటే చాలదు. వ్యాసం, మందం, హబ్ ఎటు వైపు ఎంత పొడుచుకొచ్చిందో కూడా కలవాలి. లేకపోతే హబ్ ఫ్లైవీల్ బోల్టులకు రాసుకుంటుంది, లేదా పెడల్ వింత ఎత్తులో పట్టుకుంటుంది. మొదటి మూడు దారులూ మూసుకుపోతేనే ఇది.

ఫ్లైవీల్ దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు. నీలి మచ్చలు, గీతలు ఉంటే ఫేసింగ్ చేయించండి, అంటే ముఖం కోయించి చదును చేయించండి. పగుళ్లు లోతుగా ఉంటే ఆ ఫ్లైవీల్ వద్దు. ప్లేటు ఆనే ముఖమూ, ప్రెషర్ ప్లేటు కవర్ బిగించే అంచూ మెట్టుగా ఉన్న ఫ్లైవీల్ అయితే రెండింటినీ ఒకే కొలత కోయించాలి. ఒక్క ముఖమే కోస్తే కొత్త సెట్‌కు కూడా పట్టు తగ్గుతుంది.

ప్లేటు మీద నూనె కనిపిస్తే వాసన చూడండి. గంధకం లాంటి ఘాటు ఉంటే గేర్ ఆయిల్, గేర్‌బాక్స్ ముందు సీల్ పోయినట్టు. లేకపోతే ఇంజిన్ వెనక నుంచి వస్తోంది. నూనె పీల్చిన లైనింగ్‌ను పెట్రోల్‌తో కడిగి మళ్లీ వేసేవాళ్లున్నారు. వారం బాగుంటుంది. వేడెక్కితే లోపలి నూనె మళ్లీ పైకి తేలుతుంది.

ఎవరి చేతికి ఇవ్వాలి?

కడపలో గానీ, కర్నూలు, అనంతపురంలో గానీ దించి ఎక్కించే పనికి మన ఊరి మేస్త్రే మేలు. పక్కన నిలబడి చూడొచ్చు, అడగొచ్చు. లైనింగ్, ఫేసింగ్, స్లీవ్ లాంటి పనులకు మాత్రం విడి భాగాలు తీసుకుని బస్సెక్కడం మంచిది. బెంగళూరు జేసీ రోడ్డు, హైదరాబాద్ రాణిగంజ్, చెన్నై జీపీ రోడ్డు, ఈ మూడు చోట్లా స్పేర్ల దుకాణాలు వరసగా ఉంటాయి. అనంతపురం వాళ్లకు బెంగళూరు, కర్నూలు వాళ్లకు హైదరాబాద్ దగ్గర. కడప నుంచి నేను చెన్నై వెళ్తాను, స్టాండర్డ్ కార్లు పుట్టిన ఊరు కాబట్టి హెరాల్డ్ అంటే ఏమిటో అక్కడ వివరించక్కర్లేదు. బండిని మొత్తంగా లారీ మీద పెద్ద ఊరికి పంపి నెలల తరబడి అక్కడ వదిలేయడం మాత్రం నాకు నచ్చదు. తిరిగొచ్చేసరికి హెడ్‌లైట్ రింగు ఒకటి తక్కువగా ఉంటుంది.

తిరిగి బిగించేటప్పుడు మేస్త్రి పక్కనే ఉండండి. ప్లేటు మీద ఫ్లైవీల్ వైపు ఏదో రాసి ఉంటుంది, తిప్పి వేస్తే ఆ రోజంతా మళ్లీ విప్పడమే. ప్లేటును మధ్యకు తేవడానికి పాత ఇన్‌పుట్ షాఫ్టు ముక్క గానీ, లేత్ మీద తిప్పించిన చెక్క గానీ వాడండి. గేర్‌బాక్స్ బరువును ప్లేటు మీద వేలాడనివ్వొద్దు, హబ్ వంగుతుంది. షాఫ్టు పళ్లకు గ్రీజు గోరంత చాలు. ఎక్కువైతే తిరిగేటప్పుడు చిమ్మి కొత్త లైనింగ్ మీదే పడుతుంది.

మొదటి 500 కిలోమీటర్లు టౌన్ లోపలే, తేలిగ్గా నడపండి. తర్వాత పెడల్ ఆట, అంటే పెడల్ ఖాళీగా కదిలే దూరం, ఒకసారి కొలిచి సరిచేయండి, ఫ్లూయిడ్ మట్టం చూడండి. మట్టం తగ్గితే పైన నింపి ఊరుకోకండి. స్లేవ్ రబ్బరు తొడుగు వేలితో పక్కకు లాగి, లోపల తడి ఉందేమో చూడండి.